చౌక ఫ్లాటు సరే... కాగితాల మాటేమిటి?

2021 దసరాకి మా తోడికోడలు మా ఇంటికి వస్తూ పెద్ద డబ్బాడు పూతరేకులు పట్టుకొచ్చింది. "అక్కా, మేమూ ఓ ఇంటివాళ్లం అవుతున్నాం" అంది. పదిహేనేళ్లు అద్దె కొంపల్లో ఉన్న మనిషి. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకూ సంతోషమేసింది.

హైదరాబాదు శివార్లలో ఫ్లాటు. చుట్టుపక్కల చదరపు అడుగు 6 వేలు పలుకుతుంటే వీళ్లకి మూడున్నర వేలకే ఇస్తున్నారట. 1,200 చదరపు అడుగులకి 42 లక్షలు. కాకపోతే మొత్తం ఒకేసారి కట్టెయ్యాలి. మా మరిది పీఎఫ్‌లోంచి కొంత తీశాడు. ఊళ్లో ఉన్న అరెకరం అమ్మేశారు. ఇంకా చాలకపోతే మా తోడికోడలు పుట్టింటివాళ్లు పెట్టిన నాన్‌తాడు, గాజులు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చారు.

"ఇంతకీ ఫ్లాటు నంబరెంత?" అన్నాను.

"నంబరు ఇంకా ఇవ్వలేదక్కా. పర్మిషన్లు వచ్చాక చెబుతారట."

నాకు ఆ మాట దగ్గర ఆగాలని కూడా తోచలేదు. పూతరేకు నోట్లో వేసుకుని "తూర్పు వాకిలేనా?" అని అడిగాను. అదీ నా తెలివి!

ఆ స్థలంలో ఇప్పటికీ ఒక రేకుల షెడ్డు, దాని చుట్టూ సర్కారు తుమ్మలు తప్ప ఏమీ లేవు. బిల్డరు ఆఫీసుకి తాళం. వాళ్ల దగ్గరున్నవల్లా రెండు రసీదులు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చిన ఒక ఒప్పందం. రిజిస్ట్రేషను లేదు. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను గానీ, హైదరాబాదు చుట్టుపక్కల ఇలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అమీన్‌పూర్‌లో ఇలాగే ముందుగా డబ్బు వసూలు చేసిన ఒక సంస్థ యజమానిని 2022 డిసెంబరులో పోలీసులు అరెస్టు చేశారు. ఆ వార్త చదివినప్పుడే నేను మా తోడికోడలికి ఫోను చేశాను. "మావాళ్లు అలాంటివాళ్లు కాదక్కా" అంది. చెప్పినవాడు మా మరిది ఆఫీసులో పనిచేసేవాడే మరి. ఈ ప్రీ లాంచ్ ఫ్లాట్లు అమ్మేది ఎవరో అపరిచితులైతే మనం నమ్మం. స్నేహితుడో, దూరపు చుట్టమో, రిటైరైన మాస్టారో వచ్చి చెబుతారు. వాళ్లకి కమీషను ముడుతుందన్న సంగతి మనకి తర్వాతెప్పుడో తెలుస్తుంది.

ఇంతకీ ప్రీ లాంచ్ అంటే ఏమిటి? స్థలం పూర్తిగా బిల్డరు చేతికి రాకముందే, ఒక్కోసారి స్థలం యజమానికి అడ్వాన్సు మాత్రమే ఇచ్చి, మునిసిపాలిటీ అనుమతి గానీ రెరా రిజిస్ట్రేషను గానీ లేకుండానే మన దగ్గర డబ్బు తీసుకోవడం. చట్టం దీన్ని ఒప్పుకోదు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకి మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ఏ ప్రాజెక్టయినా ముందు రెరాలో నమోదు కావాలి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. తప్పితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. నమోదయ్యాక కూడా, రిజిస్టరు చేసిన అమ్మకం ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మావాళ్లు 100 శాతం కట్టారు!

మరి ఎవరూ ఇవ్వనంత తక్కువకి ఆ బిల్డరు ఎందుకిస్తున్నాడు? అప్పట్లో మేమెవరం వేసుకోని ఈ లెక్క మొన్నామధ్య పాలవాడి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద వేశాను. 6 వేల చొప్పున 72 లక్షలయ్యే ఫ్లాటు 42 లక్షలకి ఇస్తానన్నాడు. అంటే 30 లక్షలు లాభం. నాలుగేళ్లలో ఇస్తానన్నాడు. సరే, అదే 42 లక్షలు అతను బయట ఫైనాన్షియర్ల దగ్గర నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చుకున్నాడనుకోండి. నెలకి 63 వేలు. 48 నెలలకి 30 లక్షల 24 వేలు. చూశారా? మనకి "తగ్గించి" ఇచ్చిన 30 లక్షలు అతను బయట కట్టాల్సిన వడ్డీయే. అదేమీ దయ కాదు, పండగ ఆఫరూ కాదు. మనం ఫ్లాటు కొనుక్కున్నామనుకుంటున్నాం. నిజానికి మనం అతనికి అప్పిచ్చాం.

అప్పిచ్చేవాళ్లు ఏం చేస్తారో మనకి తెలియనిదా? పక్కింటావిడ పాతికవేలు చేబదులడిగితే వెనకా ముందూ ఆలోచిస్తాం. లక్ష అయితే ప్రామిసరీ నోటు రాయించుకుంటాం. ఫైనాన్షియరైతే స్థలం కాగితాలు తన దగ్గర పెట్టుకోకుండా రూపాయి కదల్చడు. 42 లక్షలిచ్చి మావాళ్లు పుచ్చుకున్నది రసీదు. అందులో కూడా "అడ్వాన్సు" అని ఉంది గానీ దేనికి అడ్వాన్సో లేదు. ఫ్లాటు నంబరు లేదు, అంతస్తు లేదు, ఎప్పటికిస్తారో తేదీ లేదు.

ఇంకో రకం ఉంది. ఇందులో కాగితం ఇస్తారు, అదీ రిజిస్టరు చేసి! కట్టడం ఏమీ లేని ఖాళీ నేలలో మీ వంతుగా ఇంత అని, అవిభాజ్య వాటా అంటారు, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో యూడీఎస్ అంటారు, ఆ వాటాని మీ పేర రిజిస్టరు చేసేస్తారు. "చేతిలో రిజిస్ట్రేషను ఉంది, ఇంక భయమేమిటి" అని మనం ధైర్యపడతాం. 5 ఎకరాల నేలలో ఎక్కడో 40 గజాలు మీవి. ఎక్కడ? ఎవరూ చెప్పలేరు. అందులో మీలాంటివాళ్లు ఐదారు వందలమంది. రేపు అనుమతి రాకపోతే మీ 40 గజాలు విడిగా కొలిచి హద్దురాళ్లు పాతుకోలేరు. అమ్ముదామంటే ఎవరు కొంటారు? ఇంకో బిల్డరుకి అప్పజెబుదామంటే అందరూ సంతకాలు పెట్టాలి. అమెరికాలో ఉన్నవాళ్లు, అన్నదమ్ముల తగాదాల్లో ఉన్నవాళ్లు, అసలు చిరునామాకే దొరకనివాళ్లు, అందరూ. అపార్టుమెంటు మెట్ల మీద లైటు ఎవరు వేయించాలన్న విషయం మీదే ముప్ఫయిమందిమి ఒక మాట మీదికి రావడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

ఈ మధ్య ప్రీ లాంచ్ అన్న మాట చెడ్డపేరు తెచ్చుకోవడంతో పేర్లు మారాయి. ఇన్వెస్టర్ ఆఫరంటారు, ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ స్కీమంటారు, ఈఓఐ అంటారు. పేరేదైనా మీరడగాల్సింది ఒక్కటే: రెరా నంబరు చెప్పండి. తెలంగాణలో అది 'పి' అక్షరంతో మొదలవుతుంది. కరపత్రం మీద చూసి ఊరుకోకండి. ఆ నంబరు రెరా వెబ్‌సైటులో కొడితే ప్రాజెక్టు ఎవరిది, ఎన్ని అంతస్తులకి అనుమతి ఉంది, ఎప్పటికి పూర్తి చేస్తానన్నాడు అన్నీ వస్తాయి. మీకు రాకపోతే ఇంటర్ చదివే పిల్లలున్నారుగా, పది నిమిషాల పని. "నంబరుకి అప్లై చేశామండీ, వారంలో వస్తుంది" అంటారు. వచ్చాకే వస్తామని చెప్పి లేచి వచ్చెయ్యండి. వాళ్లిచ్చిన కూల్‌డ్రింకు తాగినందుకు మొహమాటపడక్కర్లేదు.

రెరాలో నమోదైన ప్రాజెక్టుకి ఇంకో రక్షణ కూడా ఉంది. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వెయ్యాలి. ఆ ఇంటికీ ఆ నేలకీ తప్ప వాడకూడదు. ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్లు ఇస్తేనే అందులోంచి తియ్యాలి. అన్నిచోట్లా ఇది తు.చ. తప్పకుండా జరుగుతోందని నేననను. కానీ ప్రీ లాంచ్‌లో అలాంటి ఖాతానే ఉండదు. మీ డబ్బు ఇంకో ఊళ్లో ఇంకో స్థలానికి అడ్వాన్సుగా వెళ్లిపోవచ్చు. చాలాచోట్ల జరిగిందదే.

బ్యాంకు సంగతి చూడండి. అనుమతుల్లేని ప్రాజెక్టుకి బ్యాంకు గృహరుణం ఇవ్వదు. అందుకే వీళ్లు 'లోను అక్కర్లేదు, మొత్తం ఇచ్చెయ్యండి' అంటారు. లాయర్లనీ ఇంజినీర్లనీ పెట్టుకున్న బ్యాంకే అప్పివ్వని చోట మనం పీఎఫూ, పొలమూ, మెడలో గొలుసూ తీసి ఇస్తున్నాం.

అలాగని బ్యాంకు లోనిచ్చింది కాబట్టి అంతా సక్రమమే అనుకోవడానికీ లేదు. 2024 జూలైలో హైదరాబాదులో హైడ్రా ఏర్పాటైంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెరువుల్లో కట్టారంటూ భవనాలు కూల్చారు. "మాకు పర్మిషనుంది, బ్యాంకు లోనిచ్చింది" అని రోడ్డు మీద సామాన్ల మధ్య కూర్చుని ఏడ్చిన ఆడవాళ్లని టీవీలో చూశాం. అనుమతులిచ్చిన అధికారుల మాటేమిటి, అమ్ముకుని వెళ్లిపోయిన బిల్డరు మాటేమిటి అని మనం అడగాల్సిందే. తొందరపాటు మీద కోర్టులూ అడిగాయి. కానీ ఆ ప్రశ్నలకి జవాబు వచ్చేలోపు ఇల్లు పోయింది. చెరువు పూర్తిగా నిండితే నీళ్లెంతదాకా వస్తాయో అంతదాకా ఎఫ్‌టీఎల్ అంటారు. దాని చుట్టూ, చెరువు 10 హెక్టార్లు గానీ అంతకన్నా పెద్దది గానీ అయితే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు కట్టకూడని జాగా. చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో ఉన్నాయి. మ్యాపు అర్థం కాకపోతే మన పాత పద్ధతే మంచిది. వానాకాలంలో వెళ్లి చూడండి. అక్కడి టీకొట్టతన్నో, గేదెలు కాసుకునే ముసలాయన్నో "ఇక్కడ నీళ్లు నిలుస్తాయా, తాతా?" అని అడగండి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు ఇళ్లల్లోకి వచ్చినప్పుడు కొత్త ఇల్లూ పాత ఇల్లూ అని చూడలేదు.

ఇక అనుమతి ఉన్న ఫ్లాటే కొంటున్నారనుకోండి. అక్కడా కొన్ని తిరకాసులున్నాయి. మునిసిపాలిటీ ప్లాను మంజూరు చేసేటప్పుడు, బిల్డరు ప్లాను దాటి కట్టకుండా, నిర్మాణంలో 10 శాతం భాగం తనఖాగా పెట్టించుకుంటుంది. అంతా సక్రమంగా కట్టి ఓసీ, అంటే నివాసయోగ్య పత్రం తెచ్చుకుంటేనే ఆ భాగం విడుదలవుతుంది. ఆ తనఖాలో ఉన్న ఫ్లాట్లు కూడా చడీచప్పుడు లేకుండా అమ్మేసేవాళ్లున్నారు. అనుమతి పత్రం కాపీ అడిగి, అందులో మీ ఫ్లాటు ఆ పదిశాతంలో ఉందేమో చూసుకోండి. ఈసీ అంటే పాతవాళ్లకి తెలిసిందే. కనీసం 30 ఏళ్లది తీయించి, లింకు డాక్యుమెంట్లతో కలిపి మీకు నచ్చిన లాయరుకి చూపించండి. బిల్డరు చూపించిన లాయరుకి కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నమోదవుతుందంతే. అమ్మినవాడికి హక్కుందో లేదో తేల్చి చెప్పడం వాళ్ల పని కాదు. జీపీఏ మీద కొనుక్కున్నంత మాత్రాన ఆస్తి మనది కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

కొలతల విషయంలో మా కథే చెబుతాను. మా ఫ్లాటు 1,150 చదరపు అడుగులన్నారు. గృహప్రవేశమయ్యాక కర్టెన్ల కోసం టేపు తెచ్చి, పనిలో పనిగా గదులన్నీ కొలిస్తే 830 వచ్చింది. మిగతాది మెట్లు, లిఫ్టు, వరండాలు, బయటి గోడల మందం! రెరా చట్టం కార్పెట్ ఏరియాకి నిర్వచనం ఇచ్చింది. లోపలి గోడలు కలిపి, బయటి గోడలూ బాల్కనీ వదిలేసి వచ్చే జాగా అది. ఒప్పందంలో ఆ అంకె ఉండాలి. దాంతోపాటు నేలలో మీ వాటా ఎన్ని గజాలో అడగండి. ఏభై ఏళ్లకి గోడలు పాతబడి భవనం పడగొట్టాల్సి వస్తే మిగిలేది ఆ గజాలే. మార్బుల్ గురించి గంట మాట్లాడిన నేను ఈ గజాల సంగతి రిజిస్ట్రేషను రోజున గానీ చదవలేదు.

ఖర్చులు కూడా ముందే కూడుకోండి. కడుతున్న ఫ్లాటుకి మామూలుగా 5 శాతం జీఎస్టీ పడుతుంది. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు గానీ దాటి గానీ ఉంటే ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది కొన్న మనమే. మాకు తెలిసినవాళ్లు అది మరిచిపోయి నోటీసు అందుకున్నారు.

ఓసీ లేకుండా తాళాలు తీసుకునేవాళ్లు చాలామంది. అద్దె మిగులుతుందని, ముహూర్తం దాటిపోతుందని. మేమూ ఆ తప్పు చేశాం. తర్వాత ఏడాదిన్నర ఆ కాగితం కోసం బిల్డరు వెంట తిరిగాం. ఇప్పుడది ఇంకా కష్టం. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఆ పత్రం చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు కూడా అది పరిశీలించాకే భవనం మీద అప్పివ్వాలనీ చెప్పింది. ఓసీ లేని ఫ్లాటు రేపు మీరు అమ్ముకోవాలన్నా కొనేవాడికి లోను దొరకడం కష్టమన్నమాట.

ఇంట్లో దిగినవాళ్లకి ఒక్క మాట. మొదటి వానకి గోడలో చెమ్మ కనిపించిందా, బాత్‌రూములోంచి కిందివాళ్ల సీలింగు మీదికి నీళ్లు దిగాయా, వాచ్‌మన్‌తో చెప్పి ఊరుకోకండి. ఇల్లు అప్పజెప్పిన రోజునుంచి 5 ఏళ్లదాకా కట్టడంలో, పనితనంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలని చట్టంలో ఉంది. చెప్పడమంటే రాతపూర్వకంగా, తేదీ వేసి, ఫొటో జతచేసి. అందరూ కలిసి అసోసియేషను పెట్టుకుని రాస్తే ఇంకా మంచిది. కార్పస్ ఫండు పేరుతో మీ దగ్గర తీసుకున్న డబ్బు ఆ అసోసియేషను ఖాతాకి వచ్చిందో లేదో కూడా అప్పుడే అడగండి. ఇంటిపన్ను, కరెంటు మీటరు మీ పేరుకి మారిందా అన్నది చూసుకోవడం మొగవాళ్లు వాయిదా వేస్తూనే ఉంటారు. మనమే చేసేసుకోవచ్చు.

ఇంటి విషయంలో మన వాటా ఎంత అని కూడా నాకీ మధ్య ఆలోచన వస్తోంది. స్థలం చూడటానికి మొగవాళ్లు వెళతారు. బేరం వాళ్లే ఆడతారు. వంటింటి గట్టు నల్లరాయా తెల్లరాయా అన్నప్పుడు మనల్ని పిలుస్తారు. చివర్లో రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఎవరో గుమాస్తా "ఇక్కడ పెట్టమ్మా, ఇక్కడ పెట్టు" అని పేజీలు తిప్పుతుంటే సంతకాలు పెడతాం. ఈలోపు మన నగలు మాత్రం అందరికన్నా ముందు వెళ్లిపోతాయి. మా తోడికోడలు బీకాం చదివింది. నెలసరి చీటీలు పైసాతో సహా లెక్క రాస్తుంది. ఆ స్టాంపు కాగితం ఆవిడ మొదటిసారి చదివింది 2024లో, బిల్డరు ఆఫీసుకి తాళం పడ్డాక. "ఇందులో అసలు మనకేం ఇస్తామని రాయలేదక్కా" అని నాతో అంది. నిమిషంలో పట్టేసింది.

రెరాకి ఫిర్యాదు పెట్టమని చాలామంది చెప్పారు. నమోదు కాని ప్రాజెక్టుల మీద కూడా తెలంగాణ రెరా జరిమానాలు వేసింది. ఇల్లివ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వాపసు ఇవ్వమని ఆదేశించే అధికారం ఉంది. ఇవ్వకపోతే భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయించవచ్చు. అయితే అతని పేర ఆస్తి మిగిలుంటేగా వసూలు చేసేది? ఆ భయం మావాళ్లకీ ఉంది. పోలీసు కేసు విడిగా నడుస్తోంది.

ఫిర్యాదు కాగితాలు మా తోడికోడలే తయారు చేసింది. మా మరిదికి ఆ ఫైలు చూస్తే తల తిరుగుతుందట. రసీదులు, బ్యాంకు స్టేటుమెంట్లు, బిల్డరు పంపిన మెసేజీలు తేదీలవారీగా అతికించి, పొలం అమ్మిన దస్తావేజు నకలు కూడా జతచేసింది. విచారణ వచ్చే నెలలో. తోడుగా నేను వెళుతున్నాను. బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది. ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటోంది.